మాస్కోను విడిచిన సేనాని కుతూజోవ్

టాల్‌స్టాయ్ రచించిన యుద్ధము–శాంతి అను మహానవలను చదివిన పాఠకులకు కుతూజోవ్ పేరు క్రొత్తది కాదు. స్థూలకాయుడు, ఒంటికంటివాడు, ఆలోచనసభలో కునికిపాట్లు పడు వృద్ధుడు: ఇట్లు ఆయన మన కన్నులకు కట్టును. నవలాకారుడు గీసిన ఆ చిత్రము మనోహరమే గాని సంపూర్ణము కాదు. చరిత్రలోని కుతూజోవ్ పలు భాషలు నేర్చినవాడు, గణితము బోధించినవాడు, పరదేశమున రాయబారిగా మెలగినవాడు. యుద్ధమున వెనుకకు మరలుట యెట్లో, మరలిన శత్రువును వెన్నాడుట యెట్లో ఆయనవలె లోతుగా ఆలోచించిన సేనానులు ఆ కాలమున అరుదు.

వీరగాథలు వినుచు పెరిగిన మనకు వెన్నిచ్చినవాడు పిరికివాడుగను, వెన్నాడినవాడు వీరుడుగను తోచుట సహజము. కుతూజోవ్ తాను వెనుదిరిగినప్పుడు పిరికివాడని నింద పడెను. శత్రువు వెనుదిరిగినప్పుడు తగినంతగా తరుమలేదని మరల నింద పడెను. ఈ రెండు నిందలలో నిజమెంత యున్నదో చూతము.

మిఖాయిల్ ఇల్లారియనోవిచ్ కుతూజోవ్ 1745లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున జన్మించెను. 1747 అని వ్రాసినవారును కలరు. తండ్రి సైనిక ఇంజనీరు. బాలుడు ఫిరంగి విద్యయు, కోటల నిర్మాణ విద్యయు నేర్పు పాఠశాలలో చదివి, అచ్చటనే కొంతకాలము గణితము బోధించెను. పిదప సైన్యమున చేరి తురుష్కులతో జరిగిన యుద్ధములలో పాల్గొనెను. 1774లో క్రిమియా ద్వీపకల్పమున జరిగిన పోరులో ఒక తుపాకిగుండు ఎడమ కణతలో దూరి కుడికంటి దాపున వెలువడెను. బ్రతుకడని అందరును తలచిరి, బ్రతికెను. 1788లో ఓచాకోవ్ కోట ముట్టడిలో తలకు మరల గుండు తగిలెను. అప్పుడును బ్రతికెను. కుడికంటి చూపు మాత్రము నానాటికి మందగించెను. అయినను సమకాలికులు వ్రాసిన చిత్తరువులలో ఆయన కంటికి నల్లని పట్టీ కానరాదు. అది తరువాతివారి కల్పన.

ఆయన గురువు సువోరోవ్. దూకి శత్రువుపై బడుటయే ఆ మహావీరుని మతము. 1790 డిసెంబరులో ఇస్మాయిల్ కోటను సువోరోవ్ పట్టినప్పుడు ఒక దళమును నడపినవాడు కుతూజోవ్. ఆ దినమున గోడలక్రింద పీనుగులు గుట్టలుగా పడెను. గురువు వేగమును శిష్యుడు మెచ్చెనే గాని దానిని తన మార్గముగా గ్రహింపలేదు. 1793లో కాన్‌స్టాంటినోపిల్ నగరమునకు రాయబారిగా వెడలి, నిన్నటి శత్రువులతో కూర్చుండి మాటలాడు నేర్పును సంపాదించెను. ఆ నేర్పు తరువాత ఆయనకు ఒక సేనయంత ఉపయోగపడెను.

1805 నాటి కథ కొంత విపులముగా చెప్పవలెను. నెపోలియనుతో పోరుచున్న ఆస్ట్రియాకు తోడ్పడుటకై కుతూజోవ్ రష్యను సేనతో నెలల తరబడి నడచి ఇన్ నదీతీరమున బ్రౌనౌ చేరెను. ఆయన చేరుసరికి ఆస్ట్రియను సేనాని మాక్ ఉల్ము నగరమున శత్రువునకు లొంగిపోయెను. కుతూజోవ్ ఒంటరియయ్యెను. ఆయన ఒక్కదినమైనను వృథా చేయక తూర్పునకు మరలెను. బ్రౌనౌ నుండి ఓల్‌మ్యూట్స్ వరకు సుమారు 250 మైళ్ళ దారి. దారిపొడుగునను నదులపై వంతెనలను తగులబెట్టుచు, క్రేమ్స్ వద్ద డాన్యూబు దాటి, ఆ యొడ్డున ఒంటిగా చిక్కిన ఫ్రెంచిదళమును దెబ్బతీసి, మరల నడచెను.

ఇంతలో ఫ్రెంచి అశ్వికసేనాని మ్యూరా వియన్నాలోని వంతెనను ఒక మాయచే పట్టుకొనెను. యుద్ధము ముగిసినదని, సంధి కుదిరినదని చెప్పి, వంతెన కాచు ఆస్ట్రియనులను నమ్మించి దాటెను. కుతూజోవ్ దారి తెగిపోవు ప్రమాదము కలిగెను. అప్పుడాయన బగ్రాతియాన్ అను సేనానికి ఏడెనిమిదివేల మందిని ఇచ్చి హొల్లాబ్రున్ దాపున శత్రువున కడ్డముగా నిలిపెను. ఆ దళము తిరిగి రాదనియే ఆయన తలచియుండెను. అదే సమయమున మ్యూరా కడకు దూతలను పంపి సంధిమాట లారంభించెను. వియన్నాలో సంధిపేరిట మోసగించిన మ్యూరా ఇచ్చట సంధిపేరిటనే మోసపోయెను! నెపోలియను ఆగ్రహించి దాడి చేయింపగా నవంబరు 16న బగ్రాతియాన్ చీకటిపడువరకు పోరి, తన దళములో పెద్దభాగమును కోల్పోయి, మిగిలినవారితో దారి చీల్చుకొని వచ్చి ప్రధానసైన్యమును కలిసికొనెను. కొందరిని బలి యిచ్చి పెక్కురను కాపాడుట అను కఠినమైన లెక్క కుతూజోవ్ అచ్చట వేసెను. లెక్క సరిపోయెను గాని, అట్టి లెక్క వేయుటకు గుండె రాయి చేసికొనవలెను.

ఇంత శ్రమపడి కాపాడిన సేన డిసెంబరు 2న ఆస్టర్‌లిట్స్ రణరంగమున నశించెను. ఇంకను వెనుకకు జరిగి, బలములు కూడిన పిమ్మట పోరుదమని కుతూజోవ్ సలహా. యువకుడైన జారు చక్రవర్తి అలెగ్జాండరును, ఆయనను చుట్టియున్న కీర్తికాముకులును వినలేదు. సర్వసేనాని యను పేరు మాత్రము కుతూజోవ్‌ది; యుద్ధవ్యూహము పరులది. ఆయన చెంపకు గాయమయ్యెను. జెండా చేతబట్టి ముందునకు దుమికిన ఆయన అల్లుడు టీజెన్‌హౌజెన్ కూలెను. కుతూజోవ్ నందు దోషము లేదా యన్నచో, ఉన్నది. ఓటమి తథ్యమని ఎరిగియు చక్రవర్తి యెదుట గట్టిగా నిలువలేకపోయెను. రణరంగమున చావునకు జంకనివాడు రాజసభలో జంకెను. చక్రవర్తి ఆ ఓటమిని తాను మరువలేదు, కుతూజోవ్‌ను మన్నింపలేదు.

అటుపిమ్మట ఆరేండ్లకు డాన్యూబు తీరమున తురుష్కులతో యుద్ధము తెగక సాగుచుండగా మరల ఆయనను పిలిపించిరి. 1811 జూలైలో రూష్చుక్ వద్ద తనకంటె అనేక రెట్లు పెద్దదైన తురుష్కసేనను ఓడించి, గెలిచిన వెంటనే కోటను పాడుచేసి నదికి ఆవలి ఒడ్డునకు మరలిపోయెను. గెలిచినవాడు వెనుదిరుగుటేమని అందరును ఆశ్చర్యపడిరి. తురుష్క వజీరు అది భయమని తలచి సేనతో నది దాటెను. అక్టోబరులో కుతూజోవ్ తన సేనానులలో ఒకనిని రహస్యముగా నది దాటించి, ఆవలి ఒడ్డున నున్న తురుష్కుల గుడారములను, రసదును పట్టించెను. ఈవలికి వచ్చిన సేన బోనులో పడెను. తిండిలేక గుఱ్ఱములను తిని, కడపట లొంగెను. వజీరు మాత్రము చిన్న పడవలో తప్పించుకొనెను. కుతూజోవ్ అందులకు సంతసించెనట. ముట్టడిలో చిక్కిన వజీరు సంధి మాటలాడరాదని తురుష్కుల ఆచారము. తప్పించుకొన్నాడు గనుకనే సంధి సాధ్యమయ్యెను. 1812 మే నెలలో బుఖారెస్టు సంధి కుదిరెను. నెల తిరుగకమునుపే నెపోలియను రష్యాపై దండెత్తెను.

1812 జూన్ 24న నెపోలియను నీమన్ నదిని దాటెను. (ఇచ్చటి తేదీలు నేడు మనము వాడు క్యాలెండరు ప్రకార మిచ్చినవి, నాటి రష్యా పంచాంగము 12 దినములు వెనుక నుండెను.) మొదట దాటినవారును, తరువాత వచ్చి కలిసినవారును మొత్తము ఆరు లక్షలకు చేరువ. రష్యను సేనలను నడపుచున్న బార్‌క్లే ద తొల్లి నిలిచి పోరక వెనుకకు జరుగుచుండెను. దారిలోని ధాన్యమును తగులబెట్టించుచుండెను. ఇది వివేకమే. అయినను ఆయన వంశము పరదేశమునుండి వచ్చినది గనుక ద్రోహి యని సైనికులే గొణిగిరి. స్మోలెన్‌స్కు నగరము కాలిపోయి చేజారిన పిమ్మట జారు చక్రవర్తి ఇష్టములేకయే ప్రజల కోర్కెకు తలయొగ్గి కుతూజోవ్‌ను సర్వసేనానిగా నియమించెను. ఆగస్టు 29న సేనను చేరిన కుతూజోవ్ చేసిన మొదటి పని యేమి? మరల వెనుకకు మరలుటయే! బార్‌క్లే చేసినప్పుడు ద్రోహమైనది కుతూజోవ్ చేయగా యుక్తియయ్యెను. లోకము తీరు ఇట్టిది. 1812 నాటి కీర్తిలో బార్‌క్లేకు పెద్ద పాలు ఉన్నదని నా అభిప్రాయము.

అయినను యుద్ధమే చేయక మాస్కోను విడుచుట సాధ్యము కాదు. సైన్యమును, ప్రజలును ఓర్వరు. సెప్టెంబరు 7న బొరొడినో వద్ద ఇరుసేనలు ఢీకొనెను. ఇరుప్రక్కల కలిసి రెండున్నర లక్షలమంది. సాయంకాలమునకు ఫ్రెంచివారిలో సుమారు 30 వేలమంది, రష్యనులలో 40 వేలకు పైబడి చచ్చియో గాయపడియో యుండిరి. హొల్లాబ్రున్ వీరుడు బగ్రాతియాన్ అచ్చటనే మరణాంతక గాయము పొందెను. మరునాడు మరల పోరుదమని మొదట కుతూజోవ్ తలచెను. రాత్రి నష్టముల లెక్క చేతికందిన పిమ్మట వెనుకకు నడువుడని ఆజ్ఞాపించెను.

సెప్టెంబరు 13న మాస్కోకు పడమట నున్న ఫీలీ అను పల్లెలో, ఒక రైతు గుడిసెలో సేనానులు సమావేశమైరి. పావెల్ జారుకాలము నుండి పేరువడిన బెన్నిగ్‌సెన్ నగరము ముంగిట పోరుదమనెను. బార్‌క్లే జ్వరముతో నుండియు, నగరము కంటె సేన ముఖ్యమని వాదించెను. కొందరటు, కొందరిటు. అందరి మాటలు విని కుతూజోవ్ తానొక్కడే భారము తలకెత్తుకొని మాస్కోను విడువ నిశ్చయించెను. సేన యున్నంతవరకు యుద్ధము ముగియలేదు. సేన పోయినచో మాస్కోయు పోవును, రష్యాయు పోవును అని ఆయన తర్కము. ఆ రాత్రి ఆయన ఒంటరిగా విలపించుట పరిచారకులు వినిరని చెప్పుదురు.

ఈ నిర్ణయమునకు చెల్లించిన వెలను దాచరాదు. రెండు లక్షలకు మించిన జనము బండ్లపైనను కాలినడకను ఇండ్లు విడిచి వెడలిరి. బొరొడినోలో గాయపడిన సైనికులను వేలకొలది నగరములోనే వదలవలసి వచ్చెను. వెనుకటి దళమును నడపుచున్న మిలొరాదొవిచ్ మ్యూరాకు వర్తమానము పంపి, కొన్ని గంటల గడువు ఈయనిచో వీథివీథిని పోరి నగరమును తగులబెట్టుదునని బెదరించి ఆ గడువు సంపాదించెను. ఆ వ్యవధిలో సేనయు, బండ్లును బయటపడెను. మరునాటినుండి మాస్కో రావణకాష్ఠమువలె మండెను. కదలలేని గాయపడినవారిలో పెక్కురు ఆ మంటలలో మాడిరి. వారిని విడిచివచ్చినది కుతూజోవ్ సేనయే. ఆయనను ఎంత మెచ్చినను ఈ సంగతి మరువరాదు.

అటుపిమ్మట ఆయన నడిపిన నడక సైనికవిద్యార్థులు నేటికిని చదువునట్టిది. మాస్కోనుండి ఆగ్నేయముగా ర్యజాన్ దారిని కొంత దూరము పోయి, మాస్కో నదిని దాటి, చీకటిలో పడమటకు తిరిగెను. కొసాక్కు గుఱ్ఱపు రౌతులను కొందరిని మాత్రము ర్యజాన్ దారినే పోనిచ్చెను. మ్యూరా వారినే సేన యనుకొని వెన్నాడెను. పది దినములకు మించి ఫ్రెంచివారికి రష్యను సైన్యమెచ్చట నున్నదో తెలియలేదు! చివరకు తరూతినో పల్లె వద్ద కలూగా దారికి అడ్డముగా కుతూజోవ్ దిగెను. ఆయన వెనుక తూలా ఆయుధ కర్మాగారము, కలూగా ధాన్యపు కొట్లు, దక్షిణమున సారవంతమైన మండలములు. నెపోలియనుకు దొరకినది కాలిన నగరము. కుతూజోవ్‌కు దొరకినది అన్నము.

నెపోలియను 35 దినములు మాస్కోలో సంధికై ఎదురుచూచెను. అక్టోబరు 5న ఆయన పంపిన లోరిస్టన్ రాయబారమునకు రాగా కుతూజోవ్ మర్యాదగా ఆదరించి, చక్రవర్తికి వ్రాసెద ననెను. ఉత్తరము పీటర్స్‌బర్గు చేరవలెను, జవాబు రావలెను. అంతలో చలికాలము వచ్చును. ఆ జవాబు రానేలేదు. పల్లెలలో రైతులు గొడ్డళ్ళు, కొంకులు చేతబట్టి, గడ్డికిని దాణాకును వచ్చిన ఫ్రెంచి సిపాయీలను తెగటార్చుచుండిరి. దవీదోవ్, సెస్లావిన్, ఫిగ్నర్ మొదలగువారి చిన్నదళములు దారులను కొట్టుచుండెను.

అక్టోబరు 19న నెపోలియను సుమారు లక్షమందితో, ఐదు వందలకు పైబడిన ఫిరంగులతో, కొల్లసొమ్ము నింపిన వేలకొలది బండ్లతో మాస్కో విడిచెను. పాడుపడని దక్షిణపు దారిని పోవలెనని ఆయన తలంపు. 24వ తేదీన మలొయరొస్లావెట్స్ అను చిన్న ఊరు దినమంతయు చేతులు మారుచు బూడిదయ్యెను. రాత్రికి ఊరు ఫ్రెంచివారిది. ఊరికి ఆవలి దారి కుతూజోవ్‌ది. మరునాడు తెల్లవారుజామున కొసాక్కులు నెపోలియనునే పట్టుకొనుట తృటిలో తప్పినది. ఆ వెంటనే జరిగినది విచిత్రము: ఇద్దరు సేనానులును ఒకరికొకరు జంకి ఇద్దరును వెనుకకు జరిగిరి. అయితే కుతూజోవ్ జరిగినది మరియొక దిట్టమైన చోటికి; నెపోలియను జరిగినది తానే పాడుచేసిన పాత స్మోలెన్‌స్కు దారికి. ఏడు వారములుగా పూడ్చనిపీనుగులు పడియున్న బొరొడినో పొలము మీదుగా ఆ సేన మరల నడచెను.

ఇచ్చట కుతూజోవ్ చేసిన నిర్ణయమే ఆయన జీవితములో కడు వివాదాస్పదమైనది. శత్రువు వెంట అదే దారిని పడిపోలేదు. తన ప్రధానసైన్యమును దక్షిణముగా, శత్రువుదారికి ప్రక్కగా, తిండి దొరకు పల్లెల మీదుగా నడపెను. వెనుకనుండి ప్లాతోవ్ కొసాక్కులు పొడుచుచుండిరి. ప్రక్కనుండి మిలొరాదొవిచ్ ఒత్తిడి చేయుచుండెను. దీనిలోని కిటుకు తేటయైనదే. వెన్నాడువాడు వెనుకనే వచ్చినచో పారువాడు వంతెన కాల్చి, కనుమ కట్టి నిలిచి ఊపిరి తీసికొనగలడు. ప్రక్కన నడచువాడు ముందునకు పోయి దారి కొట్టవచ్చును గనుక పారువాడు ఎచ్చటను ఆగలేడు. ఆగనివానికి తిండి వెదకుకొను తీరికయు ఉండదు.

చలియే నెపోలియనును ఓడించినదని అందురు. తీవ్రమైన మంచు నవంబరు 6 ప్రాంతమున గాని పడలేదు. అప్పటికే ఆకలిచేతను నడకచేతను ఆ సేన సగము చెదరియుండెను. ఫ్రెంచివారి గుఱ్ఱములకు మంచుపై జారని నాడాలు లేవు. గుఱ్ఱములు కూలుటతో ఫిరంగులు దారిలో నిలిచెను. కూలిన గుఱ్ఱములే సిపాయీలకు ఆహారమయ్యెను. బండికి ఎద్దు, ఎద్దుకు నాడా ఎట్టివో ఎరిగిన మన రైతులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

నవంబరు నడుమ క్రాస్నొయ్ వద్ద శత్రువు దారిని పూర్తిగా తెంచు అవకాశము కలిగెను. సేనానులు కత్తులు దూయ తొందరపడిరి. కుతూజోవ్ పగ్గము లాగిపట్టెను. నెపోలియను మూలబలమును దాటిపోనిచ్చి, వెనుకవచ్చు దళములనే దెబ్బతీసెను. కడపటివాడైన నే ఆరేడువేల మందితో చిక్కి, రాత్రివేళ ద్నీపరు నదిపై పలుచని మంచు మీదుగా దాటి, వెయ్యిమందికి లోపుగా మిగిలి బయటపడెను. ఇంగ్లీషువారి ప్రతినిధిగా సేన వెంటనున్న రాబర్ట్ విల్సన్ మండిపడి కుతూజోవ్‌పై జారుకు ఉత్తరములు వ్రాసెను. కుతూజోవ్ మనసులో రెండు లెక్క లుండెను. తనంత తాను చచ్చుచున్న శత్రువుకొరకు రష్యను సైనికుని చంపుకొననేల యనునది ఒకటి. నెపోలియను సమూలముగా నశించినచో లాభము రష్యాకు గాక ఇంగ్లండుకు చేరునని రెండవది.

మొదటి లెక్కలో బలమున్నదనుటకు ఒక సంగతి చాలును. వెన్నాడినవారును అదే చలిలో, అదే మంచులో నడచిరి. తరూతినో నుండి లక్షకు చేరువగా బయలుదేరిన కుతూజోవ్ ప్రధానసేన డిసెంబరులో వీల్నా చేరునప్పటికి 30 వేలైనను లేకపోయెను. పెద్ద యుద్ధములు తప్పించియే ఇంత నష్టము! ఆ దండయాత్రలో రష్యనుల ప్రక్క పనిచేసిన జర్మను యుద్ధశాస్త్రజ్ఞుడు క్లౌజెవిట్స్ తరువాత వ్రాసిన గ్రంథములో కుతూజోవ్ జాగ్రత్తనే సమర్థించెను.

బెరెజినా నది వద్ద జరిగిన దానికి మాత్రము ఆయనను పూర్తిగా సమర్థింపజాలము. తురుష్కులతో సంధి జరిగినందున విడుదలయైన డాన్యూబు సేన చిచాగోవ్ ఆధ్వర్యమున దక్షిణమునుండి వచ్చి బొరీసోవ్ వద్ద దారి మూసెను. ఉత్తరమునుండి విట్‌గెన్‌స్టైన్ దిగుచుండెను. కుతూజోవ్ వెనుకనుండి వచ్చి తలుపు మూయవలెను. ఆయన చాల మజిలీల వెనుక నిలిచెను. నెపోలియను దక్షిణముగా దాటునట్లు నటించి చిచాగోవ్‌ను అటు లాగి, ఉత్తరమున స్తుద్యాన్కా పల్లె కడ రెండు వంతెనలు కట్టించెను. ఎబ్లే సేనాని క్రింది వంతెనపనివారు మంచుగడ్డలు తేలు నీటిలో భుజములవరకు దిగి వానిని నిలిపిరి. వారిలో పెక్కురు బ్రతుకలేదు. నవంబరు 26 నుండి 29 వరకు నెపోలియను, పోరాడగలిగిన కొద్ది సేనయు దాటెను. 29 ఉదయమున వంతెనలు కాల్చినప్పుడు ఈవలి ఒడ్డున వేలకొలది సిపాయీలు, స్త్రీలు, పిల్లలు మిగిలిపోయిరి. రష్యనులు అందరును చిచాగోవ్‌నే దూషించిరి. క్రిలోవ్ కవి ఆయనను చేపగా చేసి ఒక నీతికథ వ్రాసెను. ఆ నిందలో కొంత పాలు కుతూజోవ్‌కు చెందవలెనని నాకు తోచును. సైనికులను కాపాడుకొను జాగ్రత్తకును, ముసలితనపు మాంద్యమునకును నడుమ గీత ఎచ్చట నున్నదో ఆ నాలుగు దినములలో చెప్పుట కష్టము.

డిసెంబరు 5న నెపోలియను సేనను విడిచి పారిసుకు వెడలెను. ఆ నెలలోనే మిగిలినవారు నీమన్ దాటిరి. వీల్నాకు వచ్చిన జారు చక్రవర్తి కుతూజోవ్‌కు అత్యున్నతమైన సెయింట్ జార్జి పతకము నిచ్చెను. ప్రేమతో కాదు, ప్రజలకొరకు. సరిహద్దున ఆగుదము, మన నేల మనకు దక్కినది అని వృద్ధుడు కోరెను. చక్రవర్తి యూరపునంతయు విడిపింప దలచి ముందునకే నడచెను. కుతూజోవ్ ఆజ్ఞ పాటించి వెంట నడచి, 1813 ఏప్రిల్ 28న సైలీషియాలోని బుంట్స్‌లౌ అను ఊరిలో జబ్బుపడి కన్నుమూసెను. ఆ ఊరు నేడు పోలండు దేశములో బొలెస్లావియెట్స్ అను పేర నున్నది. శవమును పీటర్స్‌బర్గుకు తెచ్చునప్పుడు ప్రజలు గుఱ్ఱములను విప్పి బండిని తామే లాగిరి. కజాన్ దేవాలయమున సమాధి చేసిరి.

గొడ్డళ్ళతో శత్రువును తరిమిన రైతులు మరల జమీందారుల పొలములకే మరలిరి. వారి దాస్యము 1861 వరకు తొలగలేదు.

కజాన్ దేవాలయము ముంగిట 1837లో రెండు విగ్రహములు నిలిపిరి. ఒకటి కుతూజోవ్‌ది. రెండవది, అంతకుముందు అందరిచేతను ద్రోహి యనిపించుకొన్న బార్‌క్లే ద తొల్లిది.